అరవై మూడో మనిషి

ఆడిట్‌లో అన్నిటికన్నా తేలికైన పని తలలు లెక్కపెట్టడమని మీ సీనియర్లు మీకు చెప్తారు. నాకూ అలాగే చెప్పారు. ఓచర్లు చూడ్డానికి చదువు కావాలి, పన్నుల పనికి చట్టం తెలియాలి, మనుషుల్ని లెక్కపెట్టడానికి మాత్రం చూపుడువేలు చాలన్నారు. డిగ్రీ చదువుతూ ఆడిట్ ఆఫీసుల్లో అప్రెంటిస్‌లుగా చేరుతున్న పిల్లలు మీరు. నేను చేరేనాటికి నాకు నలభై ఒకటి. ఒక్క ఏడాది ఆ పని చేశాను. ఆ ఏడాదిలో నేను లెక్కపెట్టిన ఒక్క లెక్క గురించే ఇది రాస్తున్నాను.

నలభై ఒకటికి అప్రెంటిస్ ఏమిటని మీరు అనుకోవచ్చు. ఇంటర్‌తో నా చదువు ఆగింది. విశాఖపట్నం పాతపట్నంలో ఒక సాయిబుగారి ఇనప సామాన్ల కొట్లో పద్దెనిమిదేళ్ళు పద్దులు రాశాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని, ఈ పేజీలో అంకె ఆ పేజీలోకి ఎందుకు వెళ్ళిందో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. సరుకు లెక్క మాత్రం సాయిబుగారే నేర్పారు. "ఒకే వైపు నుంచి రెండుసార్లు లెక్కెడితే తప్పు కూడా రెండుసార్లు వస్తుంది మియా. ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి" అనేవారు. ఆయన పోయాక కొడుకులు కొట్టుని సెల్‌ఫోన్లవాళ్ళకి అద్దెకిచ్చేశారు. పద్దెనిమిదేళ్ళ అనుభవం పట్టుకుని పదకొండు ఆఫీసుల మెట్లెక్కాను. పదకొండు చోట్లా డిగ్రీ ఏదన్నారు. అందుకని డిగ్రీలో చేరాను. చివరి ఏడాది ఆఫీసులో పనిచేస్తే అదే చదువు కింద లెక్క, నెలకి కొంత స్టైపెండ్ కూడా. డాబాగార్డెన్స్‌లో ఒక ఆడిట్ ఆఫీసువాళ్ళు నన్ను తీసుకున్నారు.

అక్కడ తోటి అప్రెంటిస్‌లు ముగ్గురు, ఇరవయ్యేళ్ళవాళ్ళు. నన్ను బాబాయ్ అనేవారు. నాకు పని చెప్పే సీనియర్ పాతికేళ్ళ అమ్మాయి. ఆమె అంకుల్ అనేది. ఏడాది చివర పెద్ద ఆడిటరుగారు 'పని సంతృప్తికరం' అని సంతకం పెడితేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే డిగ్రీ. నాకు ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. ఆ సంతకం నాకెంత అవసరమో చెప్పక్కర్లేదు.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు సీనియరూ నేనూ కూర్మన్నపాలెం దాటి ఒక ప్రైవేటు యార్డుకి వెళ్ళాం. పెద్ద పెద్ద ఇనప పైపులు దొంతర్లు పేర్చి, లారీలకి ఎక్కించే చోటు. యార్డు యజమానులు మా క్లయింట్లు. కూలీలు వాళ్ళ మనుషులు కారు, ఒక కాంట్రాక్టరు తెస్తాడు. మనిషికింత అని యజమానులు ఆ కాంట్రాక్టరుకి కడతారు. అందుకని చెప్పాపెట్టకుండా వెళ్ళి, అతని హాజరు పుస్తకంలో, అంటే మస్టరులో, ఉన్న పేర్లకి మనుషులున్నారా లేదా అని చూడాలి. పేరుండి మనిషి లేకపోతే అది మోసం. ఆ మోసం పట్టుకోవడమే మాకు నేర్పారు. మనిషుండి పేరు లేకపోవడమనేది మా ఫారంలో ఎక్కడా లేదు.

పొద్దున్న తొమ్మిదిన్నరకి అందర్నీ గోడ నీడన వరసలో నిలబెట్టారు. ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. చివర ఒక మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, చేతులకి తోలు గ్లవ్స్, తలకి తువ్వాలు. వరసలో అతనొక్కడికే హెల్మెట్ లేదు.

"నానెంతో నంబరు బావా?" అన్నాడు.

"అరవై మూడు."

అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, కుడి నుంచి మొదలుపెట్టాను. ఈసారి మొదటివాడు అతనే. "ఒకటి" అన్నాను.

"ఇదేటి బావా, ఇందాక అరవై మూడన్నావు, ఇప్పుడు ఒకటంటన్నావు. నాను పెరిగేనా, తరిగేనా?"

వరసంతా నవ్వింది. పక్కనున్నవాడు మోచేత్తో పొడిచాడు. "ఊరుకోరా బాబూ, సారుకి లెక్క తప్పిపోద్ది."

తప్పలేదు. రెండోసారీ అరవై మూడే వచ్చింది. పెన్సిల్‌తో రాసుకున్నాను. మస్టరులో అరవై రెండు పేర్లున్నాయి.

మస్టరు రాసే టైమ్‌కీపర్ గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డాయన. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. నేను తేడా చెప్పగానే వరస చివరికి చూసి నవ్వాడు. "అతను మా లెక్కలోకి రాడండి బాబూ. క్రేను డ్రైవరుగారి బావమరిదండి. టిఫిను ఇవ్వడానికొచ్చి, అందరూ నించున్నారు కదాని సరదాకి నించున్నాడండి ఆయ్."

"చేతులకి గ్లవ్స్ ఉన్నాయి కదండీ?"

"ఎవరివో తొడుక్కునుంటాడండి. కుర్రోడు కదండీ."

ఆ గ్లవ్స్ అరచేతుల దగ్గర అరిగి నల్లబడి ఉన్నాయి. సరదాకి తొడుక్కుంటే అలా అరగవు. పైగా ఈ పద్ధతి నాకు కొత్తది కాదు. కొత్త కూలీ వస్తే పది పదిహేను రోజులు పేరు రాయరు. నిలబడితే రాస్తారు, నిలబడకపోతే రాసే పని, బీమా కట్టే పని తప్పుతుంది. మా కొట్టు ముందు బళ్ళెక్కించేవాళ్ళ దగ్గర పద్దెనిమిదేళ్ళు చూశాను.

సీనియర్ దగ్గరికెళ్ళి చెప్పాను. ఆమె కారు పక్కన నిలబడి ఫోనులో టైము చూసుకుంటోంది. ఆ రోజు ఇంకా రెండు చోట్లకి వెళ్ళాలి.

"తక్కువొస్తే కదా అంకుల్ ప్రాబ్లం. ఎక్కువొస్తే మన క్లయింటుకి నష్టమేముంది? అరవై రెండుకే కదా డబ్బులు కడుతున్నారు."

"అవుననుకోండి."

"తేడా ఒకటి అని రాస్తే, పక్కన కారణం రాయాలి. అతని ఆధార్ అడగాలి, స్టేట్‌మెంట్ తీసుకోవాలి. సర్ అడిగితే మళ్ళీ రావాలి. మీరేమంటారు?"

మీరేమంటారు అని ఆమె అడిగింది. ఈ ముక్క మీరు మర్చిపోవద్దు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ వరసని రెండు వైపుల నుంచీ లెక్కపెట్టింది నేనొక్కణ్ణే.

"విజిటరే అయ్యుంటాడమ్మా" అన్నాను.

రబ్బరు తీసి మూడు చెరిపి రెండు వేశాను. తర్వాత ఇంకుతో ఫెయిర్ షీటు రాశాను. లెక్క ప్రకారం అరవై రెండు, మస్టరు ప్రకారం అరవై రెండు, తేడా లేదు, కారణం వర్తించదు. కింద నా సంతకం, టైమ్‌కీపర్ సంతకం. ఫెయిర్ అయ్యాక రఫ్ చించెయ్యాలని మా ఆఫీసు పద్ధతి. ఫైల్లో రెండు కాగితాలుంటే రెండు అంకెలుంటాయి, రెండు అంకెలుంటే ఎవరో ఒకరు అడుగుతారు. కారులో కూర్చుని రఫ్ షీటు నాలుగు ముక్కలు చేశాను. నా జీవితంలో సరిగ్గా లెక్కపెట్టి, పుస్తకానికి సరిపోలేదని నా లెక్కనే దిద్దుకున్నది ఆ ఒక్కసారే. పుస్తకమే తప్పని నాకు తెలిసీ దిద్దాను.

ఆ మధ్యాహ్నం మూడింటికి ఒక దొంతర జారి పైపులు దొర్లాయట. అప్పటికి మేము మూడోచోట కూర్చుని మజ్జిగ తాగుతున్నాం.

ఆ సంగతి పందొమ్మిదో రోజు వరకు నాకు తెలియదు. ఆ రోజు ఆఫీసు గుమ్మంలోకి ఒక మగమనిషి, ఒక ఆడమనిషి వచ్చారు. ఆయనకి నా వయసే ఉంటుంది, ఫిషింగ్ హార్బర్లో పడవలకి ఐసు ఎక్కించే పని. ఆమె ఆయన మరదలు, పాతికలోపే. తగరపువలస నుంచి బస్సులో వచ్చి, ఆటో దిగి, రెండంతస్తులు ఎక్కారు. తలుపు దగ్గర బల్ల నాది.

"లెక్కలు సూసే ఆఫీసు ఇదేనాండి?"

అవునన్నాను. కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు.

"మా తమ్ముడండి. ఆ పైపుల యార్డులోన సచ్చిపోయేడు. ఆళ్ళేమో మావోడు కాడంటన్నారు. సూడ్డానికొచ్చేడంట. పైపులు సూడ్డానికెవుడెల్తాడండీ, అదేటి ఎగ్జిబిషనా?" కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "ఆ పొద్దున్న మీరొచ్చి అందర్నీ నిలబెట్టి లెక్కెట్టేరంట కదా. కూడా పనిసేసినోడొకడు సెప్పేడు. ఆడి పేరు సెప్పొద్దన్నాడు, ఆడి పని పోద్దని. మీ కాయితంలోన మా తమ్ముడుంటే సాలండి, పరిహారం వత్తాదని లేబరాఫీసులోన అన్నారు."

ఫోను తీసి ఫొటో చూపించాడు. ఏదో పెళ్ళిలో తీసింది. తలకి తువ్వాలు లేదు, మెళ్ళో పూలదండ ఉంది. అంతే తేడా.

ఆమె ఒక అడుగు ముందుకొచ్చింది. "ఉన్నాడా బాబూ?" అంది.

ఫైలు చూసొస్తానని లోపలికెళ్ళాను. చూడ్డానికేమీ లేదు. అయినా తీశాను. అరవై రెండు. నా దస్తూరీ బాగుంటుందని ఆఫీసులో పేరు. ఆ రెండు చాలా అందంగా ఉంది.

బయటికొచ్చి, "ఆఫీసు కాగితాలు బయటివాళ్ళకి చూపించకూడదండి" అన్నాను. అది నిజమైన నిబంధనే, మీకూ మొదటి వారంలోనే చెప్తారు. నిబంధన వెనక నిలబడితే ఎంత చల్లగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

"సూపించొద్దండి. ఉన్నాడో లేడో నోటితో సెప్పండి సాలు."

"పెద్దాయన్ని అడిగి చెప్తాను" అని ఫోను నంబరు రాసుకున్నాను.

వాళ్ళు మెట్లు దిగాక సీనియర్‌తో చెప్పాను. ఆమె కంప్యూటర్‌లో ఒక ఉత్తరం తీసి చూపించింది. యార్డువాళ్ళు అడిగితే మా ఆఫీసు ఆ షీటు కాపీ వారం కిందటే పంపింది. వాళ్ళ దగ్గర్నుంచి కాంట్రాక్టరు తీసుకుని తన జవాబుతో పాటు లేబర్ ఆఫీసులో పెట్టాడు. ఆ జవాబు నకలే యార్డువాళ్ళు మాకు పంపిన ఈ ఉత్తరం. ప్రమాదం జరిగిన రోజు పొద్దున్న బయటి ఆడిటర్లు స్వయంగా లెక్కించగా అరవై రెండు మంది ఉన్నారని, మస్టరులోని ఆ అరవై రెండు మందీ నేటికీ క్షేమంగా ఉన్నారని, కాబట్టి మృతుడు తమ కూలీ కాడని అందులో రాసి ఉంది. అన్నా మరదలూ వెతుక్కుంటూ వచ్చిన కాగితం అప్పటికే వాళ్ళకి ఎదురు నిలబడి ఉంది.

"ఎక్కువొస్తే నష్టం లేదన్నది నేనే కదా అంకుల్" అంది ఆమె. ఆ మాట నాలుగైదుసార్లు అంది.

ఇద్దరం పెద్ద ఆడిటరుగారి గదిలోకి వెళ్ళాం. ఆయన చెడ్డవాడు కాడు. స్టైపెండ్ ఒకటో తారీకు దాటనిచ్చేవాడు కాదు. అంతా విని కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"నువ్వు అరవై మూడు లెక్కపెట్టావు. రఫ్ షీటుందా?"

"లేదండి. చించేశాను."

"ఎందుకు చించావు?"

"ఫెయిర్ అయ్యాక చించెయ్యాలి కదండి. మన పద్ధతి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "పద్ధతి నేను పెట్టిందే" అన్నాడు. తర్వాత, "చూడు బాబూ, లేబర్ ఆఫీసుకి వెళ్ళొద్దని నేనను. అంటే అది ఇంకో తప్పు. కానీ నువ్వు అక్కడికెళ్ళి నా షీటు తప్పుడు షీటని చెప్పాక, నీ సర్టిఫికెట్ మీద పని సంతృప్తికరమని నేనెలా సంతకం పెట్టను? అది కూడా తప్పుడు సంతకమే కదా?"

ఆయన మాటలో ఎక్కడా లెక్క తప్పలేదు. నేను ఆ రోజంతా వెతికాను.

సర్టిఫికెట్ ఇచ్చేది వచ్చే నెలాఖరున. ఇంకా ముప్పై నాలుగు రోజులుంది. లేబర్ ఆఫీసులో విచారణ ఎప్పుడో కనుక్కున్నాను. అక్కడి ఆఫీసరు సెలవులో ఉన్నారట, విచారణ ఆ పై నెల నాలుగో తారీకుకి వాయిదా పడింది. అంటే సర్టిఫికెట్ చేతికొచ్చిన నాలుగు రోజులకి. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ బస్సులో ఆ నాలుగు రోజుల్నీ వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. ముందు సంతకం తీసుకుని తర్వాత వెళ్ళి నిజం చెప్తే వాళ్ళకీ నష్టం లేదు, నాకూ లేదు. అంత చక్కగా కుదిరిన లెక్క నా జీవితంలో ఇంకొకటి లేదనిపించింది.

అన్నగారు నాలుగుసార్లు ఫోను చేశాడు. మొదటిసారి, "చూస్తున్నామండి" అన్నాను. రెండోసారి, "నాలుగో తారీకు దాకా ఆగండి" అన్నాను. "ఆగుతామండి, ఆగకేటి సేత్తాం" అన్నాడు. మూడోసారి, నాలుగోసారి ఎత్తలేదు.

నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. అవి సముద్రంలో వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున కట్టేసి ఉంటాయి, ఐసు ఎక్కించే పని ఉండదు. తమ్ముడి కూలి పోయింది, అన్న కూలి ఆగింది. ముప్పై నాలుగు రోజులు అంటే నాకు ముప్పై నాలుగు రోజులే. అవి ఆ ఇంట్లో ఎన్ని పూటలో నేను గుణించి చూసుకోలేదు.

నెలాఖరున పెద్దాయన సంతకం పెట్టి సర్టిఫికెట్ ఇచ్చాడు. నేను మర్నాడు ఏం చెయ్యబోతున్నానో ఆయనకి తెలుసనుకుంటాను. మర్నాడు పదింటికల్లా లేబర్ ఆఫీసులో ఉన్నాను. గుమస్తా రిజిస్టరు తిరగేశాడు.

"ఆ కేసా? క్లోజైపోయింది కదండీ. కాంప్రమైజు. ఆరు రోజులైంది."

"విచారణ నాలుగో తారీకు కదా?"

"రెండు పార్టీలూ రాజీ అంటే విచారణ ఇంకెందుకండి? ఆడిట్ షీటు చూశాక చనిపోయినతని వాళ్ళ లాయరే ఇక లాభం లేదన్నాడంట." తలెత్తి చూశాడు. "మీరెవరు, చుట్టాలా?"

కాదన్నాను. రాజీ కాగితం చూపించమని బతిమాలితే పైపైన చదివి వినిపించాడు. మృతుడు తమ కూలీ కాకపోయినా మానవతా దృక్పథంతో కాంట్రాక్టరు కొంత డబ్బు ఇచ్చాడు. తన భర్త ఆ యార్డులో పనిచెయ్యలేదని, చూడ్డానికి వెళ్ళి ప్రమాదవశాత్తూ చనిపోయాడని భార్య ఒప్పుకుని వేలిముద్ర వేసింది. ఎంత ఇచ్చారో నేను అడగలేదు.

ఆ సర్టిఫికెట్టూ, తర్వాత డిగ్రీ కాగితమూ నా దగ్గరున్నాయి. ఏ ఉద్యోగానికీ వాటిని చూపించలేదు. ఇప్పుడు ఏడు చిన్న కొట్లకి ఇంటి దగ్గర కూర్చుని లెక్కలు రాస్తున్నాను, గడుస్తోంది. ఆ సీనియర్ అమ్మాయి పరీక్షలు పాసై వేరే ఊళ్ళో ఉంది. తన దగ్గర అప్రెంటిస్‌లని రఫ్ షీట్లు చించనివ్వదని విన్నాను. మీకు నేను చెప్పగలిగింది కూడా అంతకన్నా పెద్దదేమీ కాదు. మీ లెక్క పుస్తకానికి సరిపోకపోతే, ఆ తేడాని అలాగే ఉండనివ్వండి. కారణం తెలియకపోతే కారణం తెలియదని రాయండి. ఆ గడిలో ఆ మాటకి చోటుంటుంది. నేను కొలిచి చూశాను.

లేబర్ ఆఫీసు నుంచి తిన్నగా తగరపువలస వెళ్ళాను. దానివల్ల ఏం జరిగిందని మీరు ఎదురుచూడకుండా ముందే చెప్తున్నాను. ఏమీ జరగలేదు.

మార్కెట్ వెనక సందులో రేకుల ఇల్లు. అన్నగారు గడపలో కూర్చుని ఉన్నాడు. ఆమె లోపల బియ్యం ఏరుతోంది. నిలబడే అంతా చెప్పాను. అరవై మూడు, రబ్బరు, ఫెయిర్ షీటు, చించిన కాగితం. సర్టిఫికెట్ కోసం ఆగానన్నది కూడా చెప్పాను. అది చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

ఆయన చివరిదాకా విన్నాడు. అంతా అయ్యాక, "ఇప్పుడెందుకొచ్చేరండి?" అన్నాడు.

"రాసిస్తాను. లాయరుకి చూపించండి. మళ్ళీ తెరిపించడానికి వీలవుతుందేమో."

సంచిలోంచి తెల్లకాగితం తీసి అక్కడే కూర్చుని రాశాను. ఫలానా రోజు పొద్దున్న ఆ యార్డులో రెండుసార్లు లెక్కపెట్టానని, రెండుసార్లూ అరవై మూడు మంది ఉన్నారని, ఫలానా పేరుగల ఈ మనిషి పనివాళ్ళ వరసలో, చేతులకి గ్లవ్స్‌తో పనిలో ఉన్నాడని, తర్వాత ఆ అంకె నేనే మార్చానని. సంతకం పెట్టాను. తారీకు వెయ్యబోతుంటే అన్నగారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనక తారీకెయ్యండి బాబూ. మాం రాజీ కాయితం మీద ముద్ర ఎయ్యకముందు తారీకు. పది రోజులెనక్కెయ్యండి. అప్పుడు లాయరుగారు ఏదోటి సేత్తారు."

పెన్ను కాగితం మీంచి తీశాను.

"తప్పుడు తారీకు వెయ్యకూడదండి" అన్నాను. వేస్తే మొత్తం కాగితం అబద్ధమైపోతుందని కూడా అన్నాను. నేను చెప్పింది సరైనదే. ఆ సరైన మాట చెప్పడానికి నాకు ఆ ఇల్లే దొరికింది.

ఆయన నా చెయ్యి వదిలేశాడు. "ఆల్ల కోసమైతే మూడు రెండైపోనాది. మాకొచ్చేతలికి ఒకటో తారీకు ఒకటో తారీకే ఉండాల." లేచి సందులోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు తారీకే వేశాను. కాగితం ఎవరికివ్వాలో తెలియక చేతిలో పట్టుకుని ఉంటే, ఆమె చేట పక్కనపెట్టి వచ్చి తీసుకుంది. తలకిందులుగా పట్టుకుంది. నేను తిప్పి ఇచ్చాను.

"ఇందులోన ఆయన పేరెక్కడుంది?"

చూపించాను. ఆ చోట వేలు పెట్టింది, తియ్యలేదు.

"పనిలో ఉన్నాడని రాసేరా?"

"రాశానమ్మా."

"సదవండి."

మొదటి నుంచి చదివాను. వరసలో, చేతులకి గ్లవ్స్‌తో, పనిలో ఉన్నాడన్న చోట ఆమె ఆపింది. "ఆ ముక్క మల్లీ సదవండి బాబూ" అంది.

చదివాను.